పరుగెత్తే చెయ్యి

విజయనగరంలో మృదంగం జానకిరామయ్యగారి ఇల్లు ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళు కూడా చెబుతారు. ఆ ఇంట్లో ఆయనతో పాటు ఇంకో మగమనిషి ఉంటాడనీ, అతను ఆయన కన్నకొడుకేననీ తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. ఈ కథ ఆ రెండో మనిషిది. పేరు మోహనకృష్ణ. గరివిడి దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు.

ఎవరి గురించైనా రాయబోయేముందు వంశచరిత్ర చెప్పడం మర్యాద. మోహనకృష్ణ వంశంలో నాలుగు తరాలుగా లయ తప్పినవాడు లేడు. ముత్తాత దేవుడి ఊరేగింపు ముందు మృదంగం వాయించేవాడు. బోయీలు ఆయన చేతికి తగ్గట్టు అడుగులు వేసేవారని ప్రతీతి. తాతగారు ఆఖరి రోజుల్లో మనుషుల్ని మరిచిపోయారు గాని తాళాన్ని మరిచిపోలేదు. ఉగ్గుగిన్నెతో మందు పోస్తే అది కూడా సమానికే, అంటే తాళం మొదటి దెబ్బకి సరిగ్గా, మింగేవారట. ఇక జానకిరామయ్యగారు ఎనభై దాటినా, కుక్కరు విజిలు దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ బట్టలుతుకుడు దాకా దేన్నీ క్షమించరు. రైలు పట్టాలు అతికించి ఏకం చేశాక రైళ్ళకి లయజ్ఞానం పోయిందని ఆయన నిశ్చితాభిప్రాయం.

అటువంటి వంశంలో మోహనకృష్ణ ఒక జబ్బుతో పుట్టాడు. అతని చెయ్యి పరుగెడుతుంది.

సంగీతం తెలియనివాళ్ళకి ఒక మాట. వాయించేవాడు ఉత్సాహంలోనో భయంలోనో తనకి తెలియకుండానే వేగం పెంచేస్తే, చెయ్యి పరుగెట్టిందంటారు. పాట ఒక నడకలో పోతూ ఉంటే మృదంగం ముందు వెళ్ళిపోయి వీధి చివర నిలబడి ఎదురు చూస్తుందన్నమాట. వాయించేవాడికి ఆ సంగతి తెలియకపోవడమే ఈ జబ్బులో విశేషం. తను సరిగ్గానే ఉన్నాననీ, లోకమే మందగించిందనీ అతను అనుకుంటాడు.

పాతికేళ్ళ పైమాట. రామతీర్థంలో కల్యాణోత్సవాల కచేరీకి జానకిరామయ్యగారు కొడుకుని మొట్టమొదటిసారి వేదిక ఎక్కించి, తాను ముందు వరసలో తాళం వేస్తూ కూర్చున్నారు. పాడేది బొబ్బిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మొదట్లో అంతా నెమ్మదిగానే నడిచింది. ఇంతలో జనంలో ఎవరో పాపాత్ముడు "భేష్" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. ఆ తరవాత పెద్దాయన పాడలేదు, మృదంగాన్ని తరిమారు. కీర్తన ఎంత తొందరగా ముగిసిందంటే హారతి ఇంకా వెలిగించలేదు. మోహనకృష్ణకి ఇవేవీ గుర్తులేవు. నాన్నగారి చెయ్యి ఒక్కటే గుర్తు. తాళం వేస్తున్న ఆ చెయ్యి నడుమలో ఆగిపోయింది. తొడ మీదికి దిగలేదు, పైకీ లేవలేదు, గాలిలో అలా నిలబడిపోయింది.

తిరుగు బస్సు కోట దగ్గర ఆగింది. దిగాక జానకిరామయ్యగారు అన్నారు: "నీకు చదువు బాగా వస్తుందిరా."

ఆ ఇంట్లో దాని అర్థం దేశబహిష్కారం.

మోహనకృష్ణ బహిష్కారాన్ని శిరసావహించి చదువుకున్నాడు. మాస్టారయ్యాడు, మంచి మాస్టారయ్యాడు. పాఠం చెప్పేటప్పుడు కుడిచేతి వేళ్ళు బల్ల మీద ఏదో వాయిస్తూ ఉండేవి, అంతే. మృదంగం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అలా రోజులు గడుస్తుండగా ఏదో సంస్థవారు ఆ హైస్కూలుకి కొన్ని అట్టపెట్టెలు పంపారు. వాటిలో పిల్లలు రోబోలు తయారు చేసుకోవడానికి కావలసిన సామానుందని కాగితం చెప్పింది. కాగితం చెప్పింది కాబట్టి ఎవరూ విప్పలేదు. విప్పితే అందులో ఒక మేకు పోతుంది, పోయిన మేకుకి సంజాయిషీ రాయాలి. పెట్టెల్ని స్టోరు గదిలో ఆటబంతుల వెనక భద్రంగా, భక్తిగా దాచారు. మోహనకృష్ణ ఒకనాడు వైరుముక్క కోసం వెళ్ళి వాటిని విప్పేశాడు. సాయంత్రానికి ఇద్దరు పిల్లలు అతని చుట్టూ చేరారు. మర్నాటికి పెట్టెలు పక్కనున్న ఖాళీ గదిలోకి చేరాయి, ఆ గదికి రోబో గది అని పేరొచ్చింది.

ఇద్దరిలో బిందు చీపురుపల్లిలో కిరాణా కొట్టున్న నగరేశ్వరరావుగారి అమ్మాయి. లెక్క తప్పడం ఆ ఇంట్లో మహాపాపం కనక ప్రోగ్రాం రాసే పని తనంతట తనే తీసుకుంది. భరణిది పక్క పల్లె. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు విడగొట్టి, తరవాత మళ్ళీ బిగించి, మధ్యలో మిగిలిపోయిన మరలని జేబులో వేసుకునే రకం. వీళ్ళు తయారు చేసిన రోబోకి రెండు పసుప్పచ్చ మోటార్లు, రెండు నల్ల చక్రాలు, నడుమ అగ్గిపెట్టెంత బోర్డు, నెత్తిన బ్యాటరీ, ముందు సామాను నెట్టడానికి అట్టముక్కతో చేసిన చేట. వైర్లు నగరేశ్వరరావుగారి కొట్లో పొట్లాలు కట్టే దారంతో బిగించారు. రోబో శాస్త్రం ఎంత ముందుకెళ్ళినా ఆ దారానికి సాటి వచ్చేది ఇంకా కనిపెట్టలేదు.

"దీనికి పేరెట్టాలి సార్," అన్నాడు భరణి. "అప్పలసూరి అందాం. మా పెదమావ పేరు."

"మీ మావ పేరు దీనికెందుకురా?"

"ఆయనా ఇంతే సార్. సెప్పింది సేస్తాడు, సెప్పంది సెయ్యడు. ఓపాలి మా అత్త 'ఎల్లి తలుపు దగ్గర నిల్సో' అందని సెప్పి, సుట్టాలెల్లిపోయినా అక్కడే నిలబడ్డాడు."

రోబో అంటే ఏమిటో అంత చక్కగా ఏ పుస్తకంలోనూ లేదని మోహనకృష్ణకి అనిపించింది. పేరు ఖాయమైంది.

ఇక్కడ వంశం అడ్డుపడింది. రోబోకి ప్రోగ్రాం రాయడమంటే ఎంతసేపు ముందుకెళ్ళాలి, ఎంతసేపు తిరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నీ వరసగా చెప్పడం. మోహనకృష్ణ అది చూసి ముందు ఆశ్చర్యపోయి, తరవాత పరవశించిపోయాడు. ఇది తాళం కాకపోతే మరేమిటి? సెకన్లు పక్కన పెట్టించి, తాళం అక్షరాల్లో లెక్క పెట్టించాడు. తకధిమి అంటే ముందుకి, తకిట అంటే కుడిపక్కకి, తక అంటే ఎడమకి, తోం అంటే ఆగడం. బిందు ప్రోగ్రాంలో నిజంగానే ఆ పేర్లు రాసింది. అప్పలసూరి నడుస్తుంటే ముగ్గురూ చేత్తో తాళం వేస్తూ "తకధిమి తకధిమి తకిట తోం" అని చదివేవారు. గోడ అవతల ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతున్న తెలుగు మాస్టారు ఆ గదిలో భజన పెట్టారనుకుని కొన్నాళ్ళు ఊరుకున్నారు కూడా.

బిందుకి మాత్రం ఒక సందేహం.

"మాస్టారూ, చక్రం పక్కన ఈ చిల్లుల బిళ్ళెందుకిచ్చారు?"

చక్రంతో పాటు తిరిగే ఆ బిళ్ళకి ఎదురుగా చిన్న కన్నులాంటిది ఉంటుంది. ఒక్కో చిల్లు దాటినప్పుడల్లా అది బోర్డుకి చెబుతుంది. ఎన్ని చిల్లులు దాటాయో లెక్కపెడితే చక్రం ఎంత దూరం నడిచిందో తెలిసిపోతుంది. పెట్టెలో ఉంది కదా అని భరణి దాన్ని బిగించేశాడు. ప్రోగ్రాంలో దాని ఊసు లేదు.

"ఎంతసేపు నడిచిందో కాకుండా ఎంత దూరం నడిచిందో చూసుకుంటే నయం కదా?" అంది బిందు.

"అది లెక్కమ్మా. ఇది లయ," అన్నాడు మోహనకృష్ణ, సరిగ్గా నాన్నగారి గొంతుతో. "లయ లోపల ఉండాలి. బయట వెతుక్కునేవాడు విద్వాంసుడు కాడు."

బిందు ఆ బిళ్ళని మాత్రం విప్పనివ్వలేదు. కొట్లో కూర్చునే పిల్ల. బేరం తెగనప్పుడు సరుకు కనబడేలా వదిలేసి ఊరుకోవడం ఆమెకి తెలుసు.

ఆ ఏడాది ప్రాంతీయస్థాయి విద్యార్థుల రోబో పోటీలు విజయనగరం పొలిమేరల్లో ఒక ఇంజనీరింగు కాలేజీలో పెట్టారు. మొదటి మూడు జట్లు రాష్ట్రస్థాయికి వెళతాయి. పోటీలో పేరు రాయించడానికి సంతకం కోసం మోహనకృష్ణ హెడ్మిస్ట్రెస్ ఝాన్సీ మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ సంతకం పెట్టి, కాగితం ఇవ్వకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"మాస్టారూ, పదో తరగతి ప్రత్యేక క్లాసులకి గది లేదు. పిల్లలు వరండాలో కూర్చుంటన్నారు. వాన జల్లు కొడితే లెక్కల పుస్తకాలు నెత్తి మీద పెట్టుకుంటన్నారు. మీ గదిలో ఇద్దరు పిల్లలు, ఒక బొమ్మ. నన్నేటి చెయ్యమంటారు?"

ఆవిడ చెప్పింది న్యాయమేనని మోహనకృష్ణకి తెలుసు.

"రాష్ట్రస్థాయికి వెళ్ళండి. ఆ గది మీదేనని అందరికీ నేనే చెబుతాను. వెళ్ళలేకపోతే మాత్రం పెట్టెలు స్టోర్లోకి వెళ్ళిపోతాయి. ఏటంటారు?"

ఏమంటాడు? తల ఊపి వచ్చేశాడు. భరణికి చెబితే వాడు చేతిలోని మరని అటూ ఇటూ తిప్పాడు. చివరికి "మళ్ళీ ఆ బంతుల ఎనకాలేనా సార్?" అన్నాడు, పెట్టెల గురించో తన గురించో తెలియకుండా.

సాధన మొదలైంది. పోటీ బల్ల మీద పరిచే ఊరి బొమ్మ ముందే పంపించారు కాబట్టి దాన్ని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి నేల మీద పరిచారు. రోబో బడి అనే గడిలోంచి బయల్దేరాలి. పొలంలో ఉన్న కొయ్యముక్కల్ని, అవి ధాన్యం బస్తాలని భావం, చేటలోకి తీసుకోవాలి. గేటు స్తంభాలకి తగలకుండా నడుమనుంచి దూరాలి. గోదాం వృత్తంలో బస్తాలు దింపి, మళ్ళీ బడికి రావాలి. ఎవరూ ముట్టుకోకూడదు. రెండు అవకాశాలు, ఏది మెరుగైతే దానికే మార్కులు.

ఆ గదిలో కరెంటు సంగతి చెప్పాలి. ఉన్న ఒక్క ప్లగ్గునీ మంచినీళ్ళ మిషనుతో పంచుకోవాలి. పిల్లల దాహం ముందు, బ్యాటరీ ఆకలి తరవాత. అందుచేత అప్పలసూరి బ్యాటరీ పుట్టిన దగ్గర్నుంచి కడుపు నిండా తిన్న రోజు లేదు. ఆ అర్ధాకలితోనే నడక నేర్చుకున్నాడు. తకధిమి అంటే ఎంత దూరమో అర్ధాకలితోనే నిర్ణయమైంది. పోటీ దగ్గర పడేసరికి పదిసార్లలో పదిసార్లూ గేటు దాటి, బస్తాలు దింపి, బడికొచ్చి "తోం" దగ్గర ఠక్కున ఆగుతున్నాడు. మోహనకృష్ణ కళ్ళు తుడుచుకున్నాడు. చీపురు దుమ్మన్నాడు.

పోటీ ముందురోజు బ్యాటరీని ఇంటికి తెచ్చాడు. భార్య విశాలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా మీ అప్పలసూరి పొట్ట? వెలితిగా ఉన్నట్టు ఆ ఎర్రదీపం చెబుతోంది కదండీ."

"కొంచెం చార్జి పెట్టు. చాలు."

"కొంచెమేవిటి? పరీక్షకెళ్ళే బిడ్డని ఖాళీ కడుపుతో ఎవరైనా పంపుతారా?"

పంపరు. ఆ ఇంట్లో అసలే పంపరు. పెరుగన్నం తినకుండా గడప దాటి పరీక్షకెళ్ళినవాడు ఆ వంశంలో లేడు. విశాలి బ్యాటరీని దేవుడి గూటి పక్కనున్న ప్లగ్గుకి తగిలించి, పచ్చదీపం వెలిగేదాకా కదపలేదు. పొద్దున్నే దానికి కుంకుమబొట్టు పెట్టింది. పిల్లలకి పులిహోర కట్టింది. అప్పుడు జానకిరామయ్యగారు పొందూరు పంచె కట్టుకుని, కండువా సర్దుకుంటూ గదిలోంచి బయటికొచ్చారు.

"ఎక్కడికి నాన్నగారూ?"

"మీరెక్కడికో అక్కడికే. కోడలు చెప్పింది, యంత్రం చేత తాళం వేయిస్తున్నావుట. చూడాలి కదుట్రా."

పాతికేళ్ళుగా ఆయన కొడుకు చేసే పని దేన్నీ చూడ్డానికి రాలేదు. మోహనకృష్ణ బ్యాటరీని సంచిలో రెండుసార్లు సర్దాడు.

కాలేజీ హాలంతా సందడి. శ్రీకాకుళం వైపు నుంచి, పార్వతీపురం వైపు నుంచి కూడా జట్లు వచ్చాయి. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పట్నం బడుల పిల్లలు, వాళ్ళ నిగనిగలాడే రోబోలు. మనవాళ్ళది పొట్లాల దారం, కుంకుమబొట్టు. పరిశీలించే అబ్బాయి బొట్టు చూసి "ఇది సెన్సారా?" అని అడిగాడు. "కాదండి, దీవెన," అంది బిందు. ఆ అబ్బాయి కాగితంలో రాసుకోవడానికి గడి దొరక్క ఊరుకున్నాడు. పరిశీలన అయ్యాక భాగాలు మార్చకూడదు, ప్రోగ్రాం మాత్రం మార్చుకోవచ్చునని నియమం చెప్పాడు.

జానకిరామయ్యగారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన ఎక్కడికి వెళ్ళినా ముందు వరసే.

అప్పలసూరిని బడి గడిలో పెట్టారు. భరణి మీట నొక్కాడు. ముగ్గురి పెదాలూ కదిలాయి. తకధిమి, తకధిమి. ముందు వరసలో పెద్దాయన చెయ్యి కూడా తొడ మీద అదే తాళం అందుకుంది.

మొదటి తకధిమికే అప్పలసూరి పొలం దాటిపోయాడు. ఆ పొట్టలో ఎన్నడూ లేనంత అన్నం ఉంది మరి. చేటలోకి రావలసిన బస్తాలు చేట అంచుకి తగిలి చెల్లాచెదురయ్యాయి. తకిట దగ్గర తిరగవలసినంత కన్నా ఎక్కువ తిరిగాడు. గేటు ఒక దిక్కున ఉండగా తానొక దిక్కుకి మహోత్సాహంగా వెళ్ళి, బల్ల అంచు మీదినుంచి ఒక కొయ్యబస్తాని న్యాయనిర్ణేతగారి ఒడిలోకి సమర్పించి, తనూ వెళ్ళబోతుండగా భరణి పట్టుకున్నాడు. ముట్టుకున్నారు కాబట్టి సున్న.

హాల్లో నవ్వులు. మోహనకృష్ణ వాటిని వినలేదు. అతను నాన్నగారి చేతిని చూస్తున్నాడు. తొడ మీదికి దిగలేదు, పైకీ లేవలేదు. గాలిలో ఆగిపోయి ఉంది.

ఆ చెయ్యి ఎందుకు ఆగుతుందో ప్రపంచంలో అతనొక్కడికే తెలుసు.

భరణి ఏడుపు ఆపుకుంటూ రోబోని విడగొట్టబోయాడు. "మోటారు పాడైపోనాది సార్. నిన్నటిదాకా బాగున్నాది."

"మోటారు బాగుందిరా. ముట్టుకోకు," అన్నాడు మోహనకృష్ణ. "వీడికి చెయ్యి పరుగెట్టింది."

"అంటే?"

"కడుపు నిండా తిన్నాడు, పైగా జనం. వేగం పెరిగింది. పెరిగిందని వీడికి తెలీదు. తన లెక్క ప్రకారం సరిగ్గానే నడిచాడు. వీడి తకధిమి మన తకధిమి కాదు." రోబోని భరణి చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. "ఈ జబ్బు నాకు బాగా తెలుసు. నాదే."

"అయితే బ్యాటరీ కొంచెం అరగ్గొడదామా?" అంది బిందు. "చక్రాలు గాల్లో తిప్పుతూ కూచుంటే దిగుతుంది."

మంచి ఉపాయమే. కానీ ఎంత అరిగితే నిన్నటి ఆకలి అవుతుందో ఎవరికి తెలుసు? మోహనకృష్ణ తల అడ్డంగా ఊపాడు. అతను ఇప్పుడు అనవలసిన మాట ఒకటుంది. దానికి నాలుగు తరాల వంశం అడ్డం పడింది.

"బిందూ, ఆ చిల్లుల బిళ్ళ. నువ్వు చెప్పిందే చేద్దాం. తాళం తీసెయ్యి."

"మొత్తం తీసెయ్యాలా మాస్టారూ?"

"మొత్తం. ఎంతసేపని లెక్కపెడితే పరుగెడతాడు. చక్రాన్ని వింటూ నడవమను. లయ లోపల లేనివాడు బయట వినాలి. నేనది ఒప్పుకోలేదు, అంతే."

బిందు 'నేను ముందే చెప్పాను' అనలేదు. ల్యాప్‌టాప్ తెరిచేసింది. ఆ సమయంలో ఆ మాట అనకపోవడం ఎంత గొప్ప గుణమో పెళ్ళయినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రెండో అవకాశం భోజనాల తరవాత. సాధన బల్ల దగ్గర వరస కట్టి నిలబడ్డ జట్ల మధ్య వీళ్ళు ఒక మూల దక్కించుకున్నారు. భరణి అప్పలసూరిని రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డని నడిపించినట్టు బడి నుంచి పొలం దాకా బల్ల మీద దొర్లించాడు. చక్రం పక్కని కన్ను చిల్లుల్ని లెక్కపెట్టింది. బిందు ఆ అంకె రాసుకుంది. పొలం నుంచి గేటుకి ఒక అంకె. మలుపుకి ఒక అంకె. మలుపు దగ్గర చక్రం జారుతోందని భరణి మూడుసార్లు తిప్పి, "నడిమిది పెట్టు బిందూ, ఎచ్చూ కాదు తక్కువా కాదు," అన్నాడు. తకధిమి ఉన్న చోటల్లా అంకె వచ్చి కూర్చుంది. మోహనకృష్ణ తను పెట్టిన పేర్లు తెర మీదినుంచి ఒక్కొక్కటే చెరిగిపోతుంటే పక్కన నిలబడి చూశాడు. బిందు ఒక్క "తోం" మాత్రం ఉంచేసింది.

"అది కూడా తీసెయ్యమ్మా."

"ఆగడానికి ఏదో ఒక పేరు కావాలి కదా మాస్టారూ. అది బాగుంది."

ఇంతలో విశాలి పులిహోర డబ్బా తెచ్చింది. సంగతంతా విని ముఖం చిన్నబుచ్చుకుంది. "అంటే నేను ఎక్కువ పెట్టడం వల్లేనా?"

"కాదు," అన్నాడు మోహనకృష్ణ. "మేం తక్కువ పెట్టి పెంచడం వల్ల."

రెండోసారి అప్పలసూరిని గడిలో పెట్టారు. ఈసారి ఎవరి పెదాలూ కదల్లేదు. మోహనకృష్ణ కుడిచెయ్యి అలవాటు చొప్పున బల్ల వైపు పోతుంటే దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, రెండింటినీ చంకల్లో దాచుకున్నాడు. మనసులో ఆ వరండా కనబడుతోంది, ఆ పెట్టెలు కనబడుతున్నాయి, బంతుల వెనకాల కూర్చున్న భరణి కనబడుతున్నాడు.

అప్పలసూరి కదిలాడు. తిన్న అన్నం తిన్నట్టే ఉంది, వేగం తగ్గలేదు. కానీ పొలం అంచున ఆగాడు. బస్తాలు చేటలోకి వచ్చాయి. తిరిగాడు. గేటు వైపు నడిచాడు. గేటు నడుమనుంచి పోతూ ఎడమ చక్రం స్తంభాన్ని ఒరుసుకుంది. స్తంభం ఊగింది. భరణి బల్ల వైపు ఒక అడుగు వేసి ఆగాడు. స్తంభం పడలేదు గాని తగిలినందుకు న్యాయనిర్ణేత ఏదో రాసుకున్నారు. గోదాం వృత్తంలో బస్తాలు దిగాయి. వెనక్కి, మలుపు, ముందుకి. బడి గడిలోకి వచ్చి అప్పలసూరి ఠక్కున ఆగాడు.

"తోం," అంది బిందు మెల్లగా.

ఫలితాలు చెప్పేదాకా భరణి ఆ స్తంభాన్ని తిడుతూనే ఉన్నాడు. అది తగలకపోతే రెండో స్థానం వచ్చేది. మూడోది వచ్చింది. మూడోదీ రాష్ట్రస్థాయికి వెళుతుంది. అది విన్నాక భరణి జేబులోంచి ఒక మర తీసి, "ఇదెక్కడిదో ఇప్పుడు గేపకమొచ్చింది సార్. ఎడమ సక్రానిది," అన్నాడు.

హాలు ఖాళీ అవుతుండగా జానకిరామయ్యగారు కొడుకుని దగ్గరికి పిలిచారు.

"రెండోసారి మీరెవ్వరూ తాళం వెయ్యలేదేం?"

"అక్కర్లేదు నాన్నగారూ. ఇప్పుడది తనలో తను లెక్కపెట్టుకోదు. చక్రం ఎంత నడిచిందో వింటూ, దాన్ని బట్టి నడుస్తుంది."

పెద్దాయన కండువా సర్దుకున్నారు. "రామతీర్థం వెళ్ళే బస్సులో నేను నీకు చెప్పింది ఆ ముక్కే కదుట్రా. నీ చేతిని నమ్మకు, పాడేవాడిని విను అని."

"చెప్పేరు."

"నువ్వు విన్లేదు."

"విన్లేదు. దీనికి చెప్పేను. ఇది వింది."

జానకిరామయ్యగారు అప్పలసూరి వైపు చాలాసేపు చూశారు. "నేను చెప్తే నీకు రాలేదు. నువ్వు చెప్తే దానికొచ్చింది," అన్నారు. "చెప్పడం నీకే బాగా వచ్చునన్నమాట." అని, కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగారు. ఆ ఇంట్లో దాని అర్థం ఏమిటో నిర్ణయించడానికి పూర్వోదాహరణలు లేవు.

సోమవారం ప్రార్థనలో ఝాన్సీ మేడమ్ మాట నిలబెట్టుకున్నారు. ఆ గది రోబో గదేనని మైకులో చెప్పారు. అప్పుడు మోహనకృష్ణ మెట్లెక్కి వెళ్ళి, బడి మొదలవకముందు ఆ గదిని పదో తరగతి వాళ్ళు వాడుకోవచ్చనీ, బడి విడిచాక అప్పలసూరి వాడుకుంటాడనీ చెప్పాడు. గెలిచి తెచ్చుకున్న గదిలో సగం ఎవరూ అడగకుండా ఇచ్చేసిన మనిషిని ఆవిడ కాసేపు చూసి, మంచినీళ్ళ మిషనుకి వేరే ప్లగ్గు పెట్టించారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం జానకిరామయ్యగారు ప్యాసింజరు రైలెక్కి గరివిడిలో దిగి, ఆటో పట్టుకుని బడికొచ్చారు. గదిలో కుర్చీ వేయించుకుని, "కానీండి," అన్నారు. బిందు బోర్డు మీద రాష్ట్రస్థాయి బొమ్మ గీసింది. భరణి ఎడమ చక్రానికి ఆ మర బిగించి, ఇంకోటి ఎక్కడిదో వెతుకుతున్నాడు. మోహనకృష్ణ కొత్త మలుపుల గురించి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. నాన్నగారు వింటున్నారు. నిజంగా వింటున్నారు, మధ్యమధ్య తల కూడా ఊపుతున్నారు. మాస్టారి కుడిచేతి వేళ్ళు బల్ల మీదికి చేరాయి. మాట ముందుకి పోయేకొద్దీ వేళ్ళు ఇంకా ముందుకి పోతున్నాయి.

భరణి మర వెతకడం ఆపి తలెత్తాడు.

"సార్, సెయ్యి పరిగెడతన్నాది."

మోహనకృష్ణ నాలిక కరుచుకుని వేళ్ళు ముడిచాడు. కుర్చీలోని పెద్దాయన తన చేతిని నెమ్మదిగా బల్ల మీదికి చాచి, తాళం అందుకున్నారు.

"విను," అన్నారు. "విని వాయించు. తొందరేం లేదు."